బావ విమానం మీద నీలం గీత

మా బావ పళ్ళ డాక్టరు. ఎవరినైనా “పాపం, నోట్లో వేలు పెడితే కొరకలేడు” అని మెచ్చుకుంటే ఆయనకు నచ్చదు. “నేను రోజూ పెడుతూనే ఉన్నాను. కొరకనివాడు ఇంతవరకు తగల్లేదు,” అంటాడు. కొరికినవాళ్ళలో మొదటివాణ్ణి నేనేనని పదిమందిలో చెప్తాడు. అక్క పెళ్ళయిన కొత్తలో నా పన్ను చూస్తానని నోరు తెరిపించి వేలు పెట్టిన మాట నిజమే. కావాలని కొరకలేదని నేను ఇన్నేళ్ళుగా చెప్తున్నాను. ఆయన ఇన్నేళ్ళుగా నమ్మడం లేదు.

అలాంటి మనిషికి కుడిచెయ్యి వణకడం మొదలైంది. మొదట్లో టీ కప్పు సాసర్ మీద చప్పుడు చేస్తే సాసర్ మంచిది కాదన్నాడు. సంతకం వంకర పోతే పెన్ను మార్చాడు. ఒకరోజు ఒక పెద్దావిడ నోట్లో అద్దం పెట్టి చూస్తుంటే అది పంటికి తగిలి టకటకమంది. ఆవిడ ఏమీ అనలేదట. ఆయనే అద్దం ట్రేలో పెట్టి, చేతులు కడుక్కుని, గుమ్మానికి వేలాడే బోర్డును ‘మూసి ఉంది’ అన్న వైపుకు తిప్పేశాడు. క్లినిక్ అంటే వాళ్ళ ఇంటి ముందుగదే. ఆ రోజే పళ్ళ కుర్చీ మీద దుప్పటి కప్పేశారు.

నరాల డాక్టరు మందులు రాశాడు. సాయంత్రాలు వ్యాయామం చేయించే చోటికి వెళ్ళమన్నాడు. ఇంట్లో ఊరికే కూర్చోకుండా వేళ్ళకు ఏదైనా సన్నపని చెప్పమన్నాడు. “తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు” అని కూడా అన్నాడు. బావ ఆ మాటలో మొదటి సగం జేబులో వేసుకుని, రెండో సగం ఆసుపత్రి గుమ్మంలోనే వదిలేసి వచ్చాడు.

సన్నపని కోసం బీరువా పైనుంచి ఒక అట్టపెట్టె దించాడు. అందులో ఆయన కాలేజీ రోజుల్లో కొన్న ప్లాస్టిక్ విమానం ఉంది. ముక్కలు ముక్కలుగా వస్తుంది, మనమే అతికించి రంగులు వేసుకోవాలి. పరీక్షలు ముంచుకొచ్చి దాన్ని సగంలో ఆపేశానని బావ అంటాడు. దానివల్లే ఆ పరీక్ష తప్పాడని అక్క అంటుంది. పెట్టె మూత తీస్తే లోపల విమానం దయనీయంగా ఉంది. ఒళ్ళంతా పాచిపట్టిన పళ్ళ రంగు. పొట్ట రెండు చెక్కలూ కలిసీ కలవకుండా అతుక్కున్నాయి. రెక్క మీద జిగురులో బావ బొటనవేలి ముద్ర అలాగే ఉంది. నాలుగు ఇంజన్లలో ఒకటి లేదు.

“పారెయ్ బావా, కొత్తది కొనుక్కో,” అన్నాను.

“పుచ్చిందల్లా పారేస్తే మా వృత్తి ఎందుకురా?” అన్నాడు.

ఆ తర్వాత ఆయన చేసింది చూస్తే నవ్వూ వచ్చేది, ముచ్చటా వేసేది. పళ్ళ గార తీసే కొక్కెంతో పాత జిగురు గోకాడు. అతుకు దగ్గర సందుల్లో మెత్తటి ముద్ద నింపి, తడి ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది నున్నగా చేశాడు. మందంగా ఉన్న రెక్కల అంచులు పన్ను అరగదీసినట్టే అరగదీశాడు. లేని ఇంజనుకు, ఉన్న ఇంజను అచ్చు తీసి, కట్టుడు చిగుళ్ళు పోసే ముద్దతో కొత్తది పోశాడు. దాంతో మూడు ఇంజన్లు పసుపచ్చగానూ, నాలుగోది గులాబీ రంగు చిగుళ్ళలానూ తయారయ్యాయి. ముక్కులో బరువు లేకపోతే ఈ విమానాలు తోక మీద కూలబడతాయట. అందుకని పంటి ఎక్స్‌రే ఫిల్ముల్లో ఉండే సీసపు రేకులు చుట్టచుట్టి ముక్కులో కూరాడు. వీటన్నిటికీ చెయ్యి కొంత వణికినా ఫరవాలేదు. రుద్దుడుకు వణుకు కలిసొస్తుందని కూడా అన్నాడు.

తెల్లరంగు డబ్బాతో జల్లేసరికి విమానానికి ప్రాణం వచ్చింది. ఇక మిగిలింది కిటికీల వెంబడి, ముక్కు నుంచి తోక దాకా, రెండు పక్కలా పోయే నీలం గీత. పెట్టెలో దానికి నీళ్ళలో నానబెట్టి అంటించే బొమ్మల కాగితం ఉంది గానీ, ముసలిదైపోయి నీళ్ళు తగలగానే పొడిపొడి అయింది. బ్రష్‌తో గీయక తప్పదు.

“అటూ ఇటూ టేపు అంటించి మధ్యలో రంగు పుయ్యి,” అని సలహా ఇచ్చాను.

“టేపు పెట్టి గీస్తే అది టేపు గీసిన గీత. నా చేతిది కాదు.” బావ బ్రష్‌ను నోట్లో పెట్టి మొన తేల్చాడు. “ఒరేయ్, ఇది నాకు పరీక్ష. ఈ గీత వంకర లేకుండా రెండు పక్కలా గీసిన మర్నాడే గుమ్మం మీద బోర్డు తిప్పుతాను.”

ఆయన మొహంలో ఆశ చూసి నా మనసు కరిగింది. మనసు కరిగినప్పుడు నోరు మూసుకోవాలన్న ఇంగితం నాకు ఏనాడూ లేదు. “తిప్పిన రోజు మొదటి పన్ను నాదే బావా,” అన్నాను.

నోరా, వీపుకు తేకే అంటారు. నా నోరు నోటికే తెచ్చింది. ఎందుకంటే నాకు కింది దవడలో ఎడమవైపు పన్ను అప్పటికే సలుపుతోంది. రెండు వీధుల అవతల కొత్తగా ఒక పళ్ళ డాక్టరమ్మ వచ్చింది. ఆమెను బావ ‘పిల్ల డాక్టరు’ అంటాడు. ఆమె దగ్గరికి పోతే బావను వెన్నుపోటు పొడిచినట్టే. అందుకని కుడివైపు నములుతూ, బిళ్ళలు మింగుతూ రోజులు నెట్టుకొస్తున్నాను.

బావ పొద్దున్నే కూర్చుని రోజుకు బెత్తెడు గీత గీసేవాడు. ముక్కు దగ్గర బాగానే బయల్దేరిన గీత తలుపు దాటేసరికి పాములా పోయింది. ఆయన దాన్ని చాలాసేపు చూసి, ఏమీ అనకుండా ఆరబెట్టి, సాయంత్రం వ్యాయామానికి వెళ్ళాడు. మర్నాడు నాకు ఫోన్ చేశాడు. గొంతులో ఉత్సాహం. “నిన్నటి గీత నేననుకున్నంత వంకరగా లేదురా. రంగు ఆరేటప్పుడు సర్దుకుంటుందనుకుంటా.”

రంగు సర్దుకోవడం నేనెక్కడా వినలేదు. అయినా కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకున్నాను.

ఒక సాయంత్రం పన్ను నొప్పి ఆగక, వాళ్ళింట్లో బిళ్ళలుంటాయి కదా అని వెళ్ళాను. బావ వ్యాయామానికి పోయాడు. ముందుగదిలో అక్క విమానం ముందు కూర్చుని, భూతద్దం కళ్ళకు పెట్టుకుని, నాలుక కొస పళ్ళ మధ్య బిగించి ఉంది. ఎడమచేతిలో రంగు తుడిచే దూది. కుడిచేతిలో బావ బ్రష్.

మా అక్క గురించి ఒక మాట చెప్పాలి. సర్వే ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగం చేసి రిటైరైంది. సిరాతో, వెంట్రుక మందాన, కొండలూ కాలవలూ సరిహద్దులూ గీసీ గీసీ చేయి తిరిగిన మనిషి. అక్క గీసిన గీత బావ దాటడని చుట్టాలంతా ఎకసెక్కాలాడేవారు. ఇప్పుడు ఆయన గీసిన గీతను ఈవిడ దాటుతోంది.

“అక్కా, ఏంటిది?”

ఉలిక్కిపడలేదు. ఆవిడ చెయ్యి అసలు ఉలికిపాటు ఎరగదు. ఆ ముక్క పూర్తిచేసి, బ్రష్ దించి, అప్పుడు నావైపు తిరిగింది. “నోరు మెదిపావంటే చూడు.”

“మొత్తం నువ్వే గీస్తున్నావా?”

“మొత్తం గీస్తే అనుమానం రాదూ? అందుకే రోజూ కాస్త వంకర వదుల్తున్నా. మొన్న ఎక్కువ వదిలా. నిన్న అంతకంటే తక్కువ. ఇవాళ ఇంకొంచెం తక్కువ. నెమ్మదిగా తగ్గుతున్నట్టు ఉండాలి కదా.”

డాక్టరు భార్య కదా, మోతాదు తెలుసు. నాకు నవ్వాగలేదు, నవ్వితే పన్ను కలుక్కుమంది. ఆ నవ్వుకీ ఆ నొప్పికీ సంబంధం ఉందని నాకు అప్పుడే తట్టి ఉంటే బాగుండేది.

ఎడమపక్క అయిపోయింది. కుడిపక్కకు వచ్చేసరికి వణుకు బాగా తగ్గిపోయింది, విమానానికి. బావ దాన్ని లైటు కింద పట్టుకుని, ఒక కన్ను మూసి, ముక్కు వైపు నుంచి తోక వైపుకు చూసుకునేవాడు. అలా చూసుకునేటప్పుడు ఆయనకు వయసు తెలిసేది కాదు. నేను వెళ్ళినప్పుడల్లా చూపించేవాడు. “ఇదిగో, ఇక్కడ చూడు. మొదట్లో ఎలా ఉండేది, ఇప్పుడెలా ఉంది.” నేను తేలు కుట్టిన దొంగలా “అద్భుతం బావా” అనేవాణ్ణి. అక్క వంటింట్లోంచి తొంగిచూసి ఏమీ ఎరగనట్టు “బాగా వచ్చిందండీ” అనేది. నిజానికి నోట్లో వేలు పెడితే కొరకలేనిది ఎవరన్నా ఉంటే మా అక్కే అని లోకమంతా అనుకుంటుంది. లోకానికి ఏం తెలుసు.

తోక దగ్గర చివరి బెత్తెడు గీసిన రోజు బావ కుర్చీ మీద దుప్పటి తీసేశాడు. పన్ను తొలిచే యంత్రానికి నూనె వేశాడు. తెల్లకోటు ఇస్త్రీకి ఇచ్చాడు. నాకు ఫోన్ చేశాడు. “రేపు పొద్దున వచ్చెయ్. మొదటి పన్ను నీదే అన్నావుగా.”

నేను ఆ సాయంత్రం ఆయన అటు వెళ్ళగానే ఇటు నుంచి అక్క ముందు వాలాను.

“చూడు అక్కా, సరదా సరదాయే. రేపు ఆయన చేతిలో తిరిగే సూది ఉంటుంది. దానికింద ఉండేది నా దవడ.”

“అంత దాకా వస్తుందని నేననుకున్నానా?” అక్క మొహం పాలిపోయి ఉంది. “చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభంలే. నువ్వే చెప్పు ఆయనకి.”

“నేనెందుకు చెప్తాను? గీసింది నువ్వు.”

“పన్ను నీది.”

పిల్లి మెడలో గంట కట్టేవాళ్ళు లేక ఇద్దరం విమానం వంక చూస్తూ కూర్చున్నాం. నా పన్ను ఒక పక్క, బావ మొహం ఒక పక్క, అడకత్తెరలో పోకచెక్కలా నేను మధ్యన. చెప్తే ఆయన గుండె పగులుతుంది. చెప్పకపోతే నా పన్ను పగులుతుంది. గుండె గొప్పదే గానీ, పన్ను నాది.

అక్కకే ఉపాయం తట్టింది. “తగ్గించినదాన్ని మళ్ళీ పెంచితే సరి. ఇవాళ ఆయన గీసిన తోక దగ్గరి ముక్క తుడిచి, అంతకంటే వంకరగా గీసేస్తా. వచ్చి చూసుకుంటారు. ఇంకా సమయం పడుతుందనుకుని ఆయనే ఆగిపోతారు.”

తుడిచింది. గీసింది. అంతా అయ్యాక నేను వంగి చూశాను. గీత వంకరగానే ఉంది. కానీ పైకి ఎంత లేచిందో కిందకి అంతే దిగింది. ఒక వంపుకూ ఇంకో వంపుకూ మధ్య ఎడం ఎక్కడా మారలేదు. పటంలో కాలవ గీసినట్టు ఉంది.

“అక్కా, ఇది వణుకులా లేదు. అల్లికలా ఉంది.”

“వంకర అన్నావు, వంకర గీశాను. ఇంతకంటే అడ్డదిడ్డంగా నా చేతికి రాదు,” అంది అక్క, కాస్త రోషంగానే.

ఆ సాయంత్రం బావ నుంచి ఫోన్ వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. పొద్దున్నే గుండె దిటవు చేసుకుని వెళ్ళాను. బోర్డు ఇంకా తిప్పలేదు. బావ మాత్రం తెల్లకోటు వేసుకుని, కుర్చీ పక్కన నిలబడి ఉన్నాడు.

“రా, కూర్చో.”

కూర్చున్నాను. కుర్చీ వెనక్కి వాలింది. మొహం మీద లైటు పడింది. తల పక్కకి తిప్పితే పనిముట్ల ట్రేలో, కొక్కేలకూ అద్దాలకూ మధ్య, విమానం కూర్చుని ఉంది.

“నోరు తెరు.”

తెరిచాను. బావ అద్దం లోపల పెట్టాడు. అది నా పళ్ళకు తగిలి టకటకమంది. ఆయన తియ్యలేదు. ఇద్దరం ఆ చప్పుడు విన్నాం.

“వినపడుతోందా?”

“ఆఁ.”

“ఇది నా చెయ్యి.” రెండో చేత్తో విమానం తీసి, తోక నా కళ్ళముందు పెట్టాడు. “మరి ఇదెవరిది?”

పళ్ళ డాక్టర్లందరిదీ ఇదే పద్ధతి. నోట్లో పనిముట్టు పెట్టాకే ప్రశ్నలు అడుగుతారు. “ఆఁ ఆఁ,” అన్నాను.

“సరిగ్గా చూడు. ఈ వంకరలన్నీ ఒకే ఎత్తు. అన్నిటికీ ఒకే ఎడం. ఒరేయ్, నా వణుకుతో నేను ఇన్నాళ్ళుగా కాపురం చేస్తున్నా. అది ఒకసారి ఊరుకుంటుంది, ఒకసారి ఎగురుతుంది, చెప్పిన మాట ఒక్కటీ వినదు. దానికి ఇంత మర్యాద తెలీదు. వంకరను కూడా ఇంత తిన్నగా గీయగలిగిన మనిషి ఈ ఇంట్లో ఒక్కతే ఉంది.”

ఆ ఒక్కతీ గుమ్మంలో నిలబడి ఉంది. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నీలం రంగు అంటిన వేళ్ళు కొంగులో దాచుకుంది.

బావ నా నోట్లోంచి అద్దం తీశాడు. ఆయన మళ్ళీ అడక్కముందే నేను అంతా కక్కేశాను. సాయంత్రాలు, దూది, భూతద్దం, రోజుకింత తగ్గించిన మోతాదు, రాత్రికి రాత్రి పెంచాలనుకున్న వణుకు, అన్నీ. నేను మాట్లాడుతున్నంతసేపూ ఆయన విమానాన్నే చూస్తున్నాడు.

“ఎక్కణ్ణుంచి?” అని అడిగాడు అక్కను. “తలుపు దగ్గర్నుంచా, ముక్కు దగ్గర్నుంచా?”

“ముక్కు దగ్గర కాస్త మీదేనండీ,” అంది అక్క.

“కాస్తంటే?”

అక్క చిటికెనవేలి గోరు చూపించింది.

బావ విమానం ట్రేలో పెట్టేశాడు. ఆయన ముందు అలా ఎన్నడూ కూర్చోలేదు నేను, తల ఎటు తిప్పుకోవాలో తెలియలేదు. నాకు చాలా సిగ్గేసింది. ఆ నిమిషంలో ఆయన నా పన్ను సుత్తితో కొట్టినా ఊరుకునేవాణ్ణి. ఆయనకు పోయింది గీత కాదు. గుమ్మం మీద బోర్డు. దాన్ని ఇక ఆయన తిప్పలేడని ముగ్గురికీ తెలిసిపోయింది.

“నన్ను అంత వెర్రివాణ్ణి చేశారా ఇద్దరూ కలిసి?” అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అంటేనే బాగుండేది.

“వెర్రివాణ్ణి చేద్దామని కాదండీ.” అక్క గుమ్మం దాటి లోపలికి వచ్చింది. “మొదటిరోజు ఆ గీత చూసుకుని మీరు ఒక్కమాట కూడా అనలేదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. మీరలా మాట్లాడకుండా వెళ్ళిపోవడం నేను చూడలేకపోయాను. ఒక్కరోజు సర్దుదామనుకున్నాను. మర్నాడు మీరు దాన్ని లైటు కింద పెట్టి చూసుకుని నవ్వారు. ఆ నవ్వు కోసం ఇంకోరోజు సర్దాను. అంతే. నాకు అది అలవాటైపోయింది.”

బావ కోటు విప్పి మేకుకు తగిలించాడు. ఫోన్ తీసి ఎవరికో చేశాడు. “అమ్మాయ్, నేను, రెండు వీధుల ఇవతల ముసలి డాక్టర్ని. మా బావమరిదిని పంపుతున్నాను. కింద ఎడమవైపు చివరి నుంచి రెండోది. బాగా పుచ్చింది, వేరుదాకా పోయుంటుంది. జాగ్రత్త తల్లీ, కొరుకుతాడు.”

“నేను కావాలని కొరకలేదు బావా,” అన్నాను.

“లేచి పో,” అన్నాడు.

లేచాను గానీ పోలేదు. పోబుద్ధి కాలేదు. బావ విమానాన్ని బల్ల దగ్గరికి తీసుకెళ్ళి, దూదిని రంగు కరిగించే నూనెలో ముంచి, కుడిపక్క గీత మొత్తం తుడిచేశాడు. అక్క “అయ్యో” అనబోయి నోరు మూసుకుంది. ఎన్ని సాయంత్రాల కష్టమో అది. దూది నీలంగా మారింది, విమానం ఆ పక్క తెల్లగా బోసిగా మిగిలింది.

“ఎడమపక్క నీదేగా, ఉంచుకో. బాగుంది,” అన్నాడు అక్కతో. “ఈ పక్క మాత్రం ఎవరన్నా ముట్టుకున్నారా, ఊరుకోను.”

బ్రష్ మొన తేల్చుకుని ముక్కు దగ్గర పెట్టాడు. వణుకుతున్న చేతిని ఇంకో చేత్తో పట్టుకోలేదు, బల్లకు ఆనించుకోలేదు. గీత బయల్దేరింది. తలుపు దగ్గర పైకి ఎగిరింది. కిటికీల వెంట కొంతదూరం బుద్ధిగా నడిచి, రెక్క మీదుగా పోతూ ఒక్కసారి కిందికి జారింది. తను పోసిన ఇంజను పైన ఎందుకో లావెక్కింది. అక్క రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఒకదాన్ని ఇంకోటి గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఆ వేళ్ళు దూది కోసం ఎంత తహతహలాడాయో నాకు కనపడుతూనే ఉంది. బావ ఎక్కడా ఆపలేదు. తోక చివరికంటా లాక్కెళ్ళి బ్రష్ ఎత్తాడు.

విమానాన్ని అక్క ముందు పెట్టాడు.

“ఎలా ఉంది?”

అక్క ఇన్నాళ్ళూ ఇదే ప్రశ్నకు వంటింట్లోంచి జవాబు చెప్తూ వచ్చింది. ఇప్పుడు దగ్గరికి వంగి, ముక్కు నుంచి తోక దాకా, ఆఫీసులో కిందివాళ్ళు గీసిన పటం దిద్దేటప్పుడు చూసినట్టే చూసింది. కళ్ళలో నీళ్ళు నిండాయి.

“వంకరగా ఉందండీ,” అంది.

“ఊఁ. వంకరగానే ఉంది.” బావ దాన్ని తనవైపు తిప్పుకుని ఇంకోసారి చూసుకున్నాడు. “కానీ నాదే.”

తర్వాత బ్రష్ కడగమని నాకిచ్చి, అక్కను టీ పెట్టమన్నాడు.